ఆటయంత్రానికి జీర్ణోద్ధరణ

జీర్ణోద్ధరణ అనే మాట వినగానే తెలుగువారి మనస్సులో శిథిలమైన దేవాలయమో, పూడిపోయిన కోనేరో మెదలుతుంది. ఉన్న కట్టడాన్ని ఉన్నచోటనే నిలిపి, విరిగిన స్తంభానికి ఈడైన స్తంభాన్ని అమర్చి, ఆరిపోయిన దీపాన్ని తిరిగి వెలిగించడం ఆ మాటకు అర్థం. జపానులోనూ అమెరికాలోనూ దాదాపు యాభై ఏళ్ల కిందట జనం నాణెం వేసి ఆడుకొన్న వీడియో ఆటయంత్రానికి ఇంతటి మాటను వాడడం కొందరికి అతిశయోక్తిగా తోచవచ్చు. అటువంటి యంత్రం వెనుక తలుపు తీసి లోపలికి తొంగిచూసినవారికి మాత్రం అలా తోచదు. దేనిని నిలుపుకోవాలి, దేనిని మార్చాలి, మార్చిన తరువాత దానిని పాతదనే చెప్పవచ్చునా అనే ప్రశ్నలు గుడిని బాగుచేసే స్థపతికి ఎదురైనట్లే ఈ చెక్కపెట్టెను బాగుచేసే వ్యక్తికీ ఎదురవుతాయి.

ఆటయంత్రం నిలువెత్తు చెక్కపెట్టె. అందులో ఒక పిక్చర్ ట్యూబు, ఆటను నడిపే సర్క్యూట్ బోర్డు, విద్యుత్తును తగినంతగా తగ్గించి అందించే ట్రాన్స్‌ఫార్మర్, ఆటగాని చేతికి అందే మీటలు, నాణేలు పడే చిన్న తలుపు ఉంటాయి. 1972లో అమెరికాలోని అటారీ సంస్థ 'పాంగ్' అనే ఆటయంత్రాన్ని కాలిఫోర్నియా రాష్ట్రంలోని సన్నీవేల్‌లో ఒక మద్యశాలలో ఉంచింది. కొద్ది రోజులకే అది పనిచేయడం లేదని కబురు వచ్చింది. వెళ్లి చూస్తే యంత్రంలో లోపమేమీ లేదు. నాణేలు నిండిపోయి, ఇక పట్టక ఆగిపోయింది. ఆ రంగంలోనివారు ఈ ఉదంతాన్ని నేటికీ ముచ్చటగా చెప్పుకొంటారు.

ఆరేళ్ల తరువాత, 1978లో, జపానులోని టైటో సంస్థలో ఇంజనీరుగా ఉన్న తొమొహిరో నిషికాడో 'స్పేస్ ఇన్‌వేడర్స్' అనే ఆటను రూపొందించాడు. ఆకాశం నుండి వరుసలు తీరి దిగివచ్చే 55 గ్రహాంతర జీవులను, నేల మీద అటూ ఇటూ కదిలే ఒకే ఒక ఫిరంగితో ఆటగాడు ఎదుర్కోవాలి. శత్రువులను మనుషులుగా చూపే ఆలోచన మొదట ఉన్నా, మనిషిని కాల్చే ఆట తగదన్న భావంతో దానిని విడిచిపెట్టారు. అప్పుడు నిషికాడోకు ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ నవలలోని అంగారక గ్రహవాసులు స్ఫురించారు. ఆక్టోపస్, పీత మొదలైన సముద్రప్రాణుల పోలికలతో ఆ జీవుల బొమ్మలు గీశాడు. అమెరికాలో ఈ యంత్రాన్ని మిడ్‌వే సంస్థ తయారుచేసి అమ్మింది. ఆటయంత్రాల చరిత్రలో దీనికి ఉన్న స్థానం ఎంతటిదంటే, రోచెస్టర్ నగరంలోని స్ట్రాంగ్ మ్యూజియం నిర్వహించే వీడియో గేముల కీర్తిమందిరంలో 2016లో దీనిని చేర్చారు. పునరుద్ధరణ అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఈ యంత్రాన్ని మించిన ఉదాహరణ దొరకదు.

ఇందులోని సాధనసంపత్తి మిక్కిలి స్వల్పం. ఇంటెల్ సంస్థ తయారుచేసిన 8080 అనే ప్రాసెసర్, 8 కిలోబైట్ల ప్రోగ్రాము, నలుపు తెలుపు తెర, ఇంతే. సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఫోటోకు పట్టే జాగాలో ఇటువంటి ప్రోగ్రాములు వందలు పడతాయి. ఆ ప్రాసెసర్ ఒక్కసారిగా 55 జీవులను కదపలేదు. సెకనులో అరవయ్యో వంతుకు ఒక జీవి చొప్పున కదుపుతూ పోతుంది. అందరూ ఒక అడుగు వేసేసరికి సుమారు ఒక సెకను గడుస్తుంది. జీవులు చచ్చేకొద్దీ కదపవలసినవి తగ్గుతాయి గనుక మిగిలినవాటి నడక వేగం పుంజుకొంటుంది. చివరికి మిగిలిన ఒక్కటి పరుగులు పెడుతుంది. ఆట ముదిరేకొద్దీ ఉత్కంఠ పెరిగే ఈ తీరు యంత్రం అశక్తత నుండి పుట్టింది. నిషికాడో దానిని దోషంగా భావించి సవరించక, ఆటకు ప్రాణంగా నిలుపుకొన్నాడు. ప్రతిభ అనేది సాధనాల లేమిలో ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి ఇది చక్కని తార్కాణం.

రంగుల విషయం మరింత విచిత్రమైనది. తెర నలుపు తెలుపు గనుక, ఆకుపచ్చ, నారింజ రంగుల సెల్లోఫేన్ కాగితపు పట్టీలను తెరపై తగిన చోట్ల అంటించారు. తెల్లని బొమ్మ ఆకుపచ్చ పట్టీ కిందికి రాగానే ఆకుపచ్చగా కనిపిస్తుంది. నిలువు పెట్టెలో ఆటగాడు నేరుగా తెరను చూడడు. పిక్చర్ ట్యూబు కంటికి కనబడకుండా లోపల దాగి ఉంటుంది. దాని ప్రతిబింబం అర్ధపారదర్శకమైన ఒక అద్దంపై పడి ఆటగాని వైపు మళ్లుతుంది. ఆ అద్దం వెనుక ప్లాస్టిక్‌తో చేసిన చంద్రుని బొమ్మ, నక్షత్రాలు చిత్రించిన ఆకాశం ఉంటాయి. అద్దం గుండా అవి, అద్దం మీద జీవులు ఏకకాలంలో కనిపించడం వల్ల, చంద్రుని ముందు శూన్యంలో జీవులు తేలుతున్న భ్రాంతి కలుగుతుంది. అద్దంలో కుడి ఎడమలు తారుమారవుతాయి కాబట్టి తెర మీద బొమ్మను ముందుగానే తిప్పి చూపుతారు. మన తోలుబొమ్మలాటలో తెర వెనుక దీపం చేసే పనికి, ఇక్కడ అద్దం చేసే పనికి దగ్గరి చుట్టరికం ఉందనవచ్చు.

ప్రోగ్రామును భద్రపరచడం నేడు కష్టం కాదు. 1997లో ఇటలీకి చెందిన నికోలా సల్మోరియా ప్రారంభించిన 'మేమ్' అనే సాఫ్ట్‌వేర్ వేలాది పాత ఆటలను సామాన్యమైన కంప్యూటర్‌పై నడిపిస్తుంది. స్పేస్ ఇన్‌వేడర్స్‌ను దానిలో ఎవరైనా ఆడవచ్చు. జీవుల నడక, వాటి వేగం అన్నీ యథాతథంగా వస్తాయి. కాని అద్దం రాదు. ప్లాస్టిక్ చంద్రుడు రాడు. కంప్యూటర్ తెరపై అతనిని చూపితే అది చంద్రుని ఫోటో మాత్రమే అవుతుంది. ఇవి పెట్టెలోనే ఉన్నాయి, పెట్టె పోతే పోతాయి. చెక్కపెట్టెను బాగుచేయడానికి కొందరు నెలల తరబడి శ్రమించడానికి కారణం ఇదే.

పెట్టెలు పాడుకావడానికి కాలం ఒక్కటే కారణం కాదు. వీటిని కొని దుకాణాల్లోనూ, మద్యశాలల్లోనూ ఉంచిన వ్యాపారులకు అవి నాణేలు రాల్చే సాధనాలు మాత్రమే. ఒక ఆట పాతబడి రాబడి తగ్గగానే అదే పెట్టెలో కొత్త ఆట బోర్డు పెట్టేవారు. మీటల పలకకు కొత్త రంధ్రాలు పొడిచేవారు. పక్కల మీది రంగుబొమ్మలపై నల్లరంగు పూసేవారు. అద్దాన్ని, చంద్రుని తీసి పారవేసి మామూలు తెరను బిగించేవారు. వ్యాపారధర్మం అది, వారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. 1983లో అమెరికాలో వీడియో గేముల వ్యాపారం కుప్పకూలింది. తరువాత ఇంటిలోనే ఆడుకొనే యంత్రాలు విస్తరించాయి. వేల కొద్దీ పెట్టెలు గిడ్డంగులకు, గరాజులకు, పశువుల కొట్టాలకు చేరాయి.

అటువంటి చోటు నుండి తెచ్చిన పెట్టె విషయంలో పునరుద్ధారకుడు పాటించవలసిన మొదటి నియమం, దానికి కరెంటు ఇవ్వకపోవడం. పని చేస్తుందేమో చూద్దామన్న తొందరలో ప్లగ్గు పెట్టి, దశాబ్దాలుగా నిద్రిస్తున్న బోర్డును ఒక్క క్షణంలో కాల్చివేసినవారు ఎందరో ఉన్నారు. ముందుగా అన్ని వైపుల నుండి ఫోటోలు తీయాలి. ఏ తీగ ఎక్కడికి పోతున్నదో గుర్తు పెట్టుకోవాలి. వెనుక తలుపు తాళంచెవి సాధారణంగా ఉండదు. తాళాన్ని డ్రిల్లుతో తొలిచి తీయవలసి వస్తుంది. లోపల ఎలుకలు పెట్టిన గూళ్లు, అవి కొరికిన తీగలు, ఏనాడో జారిపడిన నాణేలు కనిపిస్తాయి. ఒక్కొక్కప్పుడు నాణేల తలుపు లోపలివైపు ఆనాటి యజమాని పెన్సిలుతో వేసుకొన్న లెక్కలు కూడా ఉంటాయి.

ప్లగ్గు తీసి ఉన్నప్పటికీ పిక్చర్ ట్యూబు ప్రమాదకరమైనది. గాజుబుడ్డి వీపున రబ్బరు మూత కింద ఉండే కొక్కెంలో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. దానిని భూమికి కలిపిన తీగ కట్టిన స్క్రూడ్రైవర్‌తో ఖాళీ చేస్తారు. ఆ పని చేసేటప్పుడు రెండవ చేతిని వెనుకకు పెట్టుకోవడం పాతకాలపు టీవీ మెకానిక్కుల అలవాటు. రెండు చేతులూ లోహాన్ని తాకితే విద్యుత్తు గుండె గుండా ప్రవహిస్తుందని వారికి తెలుసు. నేర్పరి పర్యవేక్షణ లేకుండా విద్యార్థులెవరూ ఈ సాహసానికి పూనుకోరాదు. ట్యూబు మెడభాగం పలుచని గాజు. పనిముట్టు తగిలి అది చిట్లితే లోపలికి గాలి చొరబడి ట్యూబు శాశ్వతంగా నశిస్తుంది. ఇటువంటి ట్యూబుల తయారీ 2010ల నాటికి దాదాపుగా నిలిచిపోయింది. ఒకటి పగిలిందంటే లోకంలో ఒకటి తగ్గినట్లే.

శుభ్రం చేయడం చూపులకు తేలికైన పనే. అజాగ్రత్త వల్ల జరిగే నష్టం మాత్రం ఇక్కడే ఎక్కువ. ఎలుకల పెంటను పొడిగా ఊడ్చకూడదు. ఆ ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణాంతకమైన జ్వరాలు రావచ్చు గనుక, క్రిమిసంహారక ద్రవంతో తడిపి, చేతితొడుగులు, ముఖతొడుగు ధరించి తుడుస్తారు. మద్యశాలల్లో నిలిచిన యంత్రాల గాజుపై పొగాకు పొగ పేరుకొని పసుపుపచ్చని జిడ్డు కడుతుంది. ముందువైపు దానిని సబ్బునీటి గుడ్డతో తుడవవచ్చు. గాజు మీది బొమ్మలు సాధారణంగా వెనుకవైపు చిత్రించి ఉంటాయి. అక్కడ తడిగుడ్డ తగిలితే నలభై ఏళ్ల రంగు పొరలు పొరలుగా లేచి గుడ్డకు అంటుకొని వస్తుంది. కొత్తవారు చేసే పొరపాట్లలో ఇంతకంటె దుఃఖం కలిగించేది లేదు. అర్ధపారదర్శక దర్పణం విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. దుమ్మును ముందు ఊదివేయాలి. రుద్దితే పూత గీతలు పడుతుంది.

చెక్కపని మన వడ్రంగులకు సుపరిచితమే. పెట్టె పక్కలను ప్లైవుడ్‌తోనో, రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డుతోనో చేసేవారు. నేల తుడిచిన నీరు ఏళ్ల తరబడి అడుగున ఇంకి, పార్టికల్ బోర్డు అటుకుల్లా ఉబ్బి రాలిపోతుంది. స్వల్పంగా చెడినచోట లప్పం పెట్టి నునుపు చేస్తారు. ఎక్కువగా చెడితే ఆ మేరకు కోసివేసి కొత్త చెక్కను అతుకుతారు. నల్లరంగు పూసిన పక్కల దగ్గర సమస్య జటిలమవుతుంది. పై రంగును ఓపికగా గీకితే కింద పాతబొమ్మలు బయటపడవచ్చు, అవీ ఊడిపోవచ్చు. కొందరు అన్నిటినీ గీకివేసి, కొత్తగా అచ్చువేసిన బొమ్మలు అంటించి, పెట్టెను పెండ్లికుమారునిలా తీర్చుతారు. మరికొందరు గీతలు, మరకలు ఉన్నవి ఉన్నట్లే వదలి, ఇక చెడకుండా మాత్రమే కాపాడుతారు. మ్యూజియం పద్ధతి రెండవదానికి దగ్గర. చేసిన ఏ మార్పునైనా తరువాతివారు వెనుకకు తీసుకోగలిగి ఉండాలన్నది వారి నియమం. పాతబొమ్మలు సగమైనా మిగిలిన పెట్టెకు ఈ రెండవ మార్గమే ఉచితమని తోస్తుంది. అన్నీ పోయిన పెట్టెకు కొత్త అలంకారం చేసినా నష్టపోయేది ఏమీ లేదు.

తరువాత విద్యుత్తు. కెపాసిటర్ అనే చిన్న డబ్బీలో ఉండే ద్రవం దశాబ్దాల కాలంలో ఎండిపోతుంది లేదా కారిపోతుంది. అప్పుడు నిలకడగా రావలసిన వోల్టేజి అలల్లాగా ఊగుతూ వస్తుంది. ఒక్కొక్క డబ్బీని ఊడదీసి, అదే సామర్థ్యం గలదానిని, వోల్టుల్లో సమానమైనదానినో అధికమైనదానినో సోల్డరింగ్ చేస్తారు. ధన, రుణ కొసలు తారుమారైతే అది టపాకాయలా పేలుతుంది. బోర్డును కలపక ముందే మల్టీమీటరుతో వోల్టులు కొలవాలి. 8080 ప్రాసెసర్‌కు +5, +12, -5 అనే మూడు వోల్టేజిలు కావాలి. రుణ వోల్టేజి రాకుండా మిగిలిన రెండూ వస్తే ప్రాసెసర్ చెడిపోయే ప్రమాదం ఉంది. అమెరికా కోసం చేసిన యంత్రాన్ని భారతదేశానికి తెస్తే అక్కడి 120 వోల్టులకు, ఇక్కడి 230 వోల్టులకు గల భేదాన్ని కూడా మరొక ట్రాన్స్‌ఫార్మర్‌తో సరిచేయవలసి ఉంటుంది.

బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో, మెత్తని కుంచెతో కడుగుతారు. తీగల కొసలు వచ్చి కూర్చునే రాగి అంచులు కిలుముపట్టి నల్లబడి ఉంటాయి. వాటికి విద్యార్థుల సంచిలో ఉండే పెన్సిలు రబ్బరే దివ్యౌషధం. నాలుగుసార్లు రుద్దితే రాగి మెరుస్తుంది. మీటల కింద లోహపు రేకులు రెండు ఒకదానినొకటి తాకడం వల్ల పనిచేసే స్విచ్చులు ఉంటాయి. గట్టి కాగితపు ముక్కను ఆ రెండింటి నడుమ పెట్టి లాగితే మురికి కాగితానికి అంటుకొస్తుంది. గరుకు కాగితం వాడితే రేకు అరిగిపోతుంది.

ఇంత చేసినా తెర మీద ఆటకు బదులు పిచ్చిగీతలు రావచ్చు. ఆ గీతలలోనూ అర్థం ఉంటుంది. ఈ యంత్రంలో తెర మీది ఒక్కొక్క చుక్కకు జ్ఞాపకశక్తి చిప్పుల్లో ఒక్కొక్క బిట్ కేటాయించి ఉంటుంది. ఒక చిప్పు చెడితే ఎనిమిది చుక్కలకు ఒకటి చొప్పున క్రమం తప్పని గీతలు కనిపిస్తాయి. వాటిని బట్టి చెడిన చిప్పు ఏదో నిర్ణయించవచ్చు. ప్రోగ్రాము ఉన్న చిప్పులు చెడితే కథ మరొకటి. మిడ్‌వే బోర్డులో 8 కిలోబైట్ల ప్రోగ్రామును నాలుగు చిప్పులుగా విభజించి ఉంచారు. అందులో ఒక అక్షరం మారినా ఆట నడవకపోవచ్చు. పునరుద్ధారకుడు ప్రతి చిప్పులోని అంశాన్ని ఒక పరికరంతో చదివి, చెడని ప్రతులతో పోల్చిచూస్తాడు. సరిపోనిచోట మంచి పాఠాన్ని కొత్త చిప్పులోకి ఎక్కిస్తాడు. తాళపత్ర ప్రతులను సేకరించి, పండితులచేత పాఠాలు సరిచూపించి, శుద్ధప్రతులు రాయించిన సి. పి. బ్రౌను (1798–1884) కృషి ఎరిగిన తెలుగు విద్యార్థికి ఈ పని కొత్తగా తోచదు. పరిష్కరణ అన్న మాట రెండింటికీ చెల్లుతుంది. అయితే ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. తాళపత్ర పరిష్కర్తకు మూలం ఏదో తెలియదు, ఊహించవలసి వస్తుంది. ఇక్కడ చెడని ప్రతి దొరుకుతుంది. ఆ ప్రతులను వెదకి భద్రపరచినవారిలో మేమ్ కోసం శ్రమించినవారు ముఖ్యులు. పెట్టెలతో పని లేదనిపించేట్లు చేసిన సాఫ్ట్‌వేరే, పెట్టెలను బతికించడానికి కావలసిన పాఠాన్ని అందిస్తున్నది.

చివరకు మిగిలేది చంద్రుడు. అతడు పెట్టెలోనే ఉంటే అదృష్టం. రంగు వెలిసినా సరే, మెత్తని కుంచెతో దుమ్ము దులిపి మళ్లీ బిగించవచ్చు. లేకపోతే మరొక శిథిలమైన పెట్టె నుండి తెచ్చుకోవాలి, లేదా నమూనా చూసి చేయించాలి. రెండు చెడిన యంత్రాలను కలిపి ఒక్క మంచి యంత్రం చేయడం ఈ రంగంలో సర్వసాధారణం. రెండవదానిని బలిపెట్టడం న్యాయమేనా అన్న వాదం కూడా వినిపిస్తుంది. సెల్లోఫేన్ పట్టీలు మాత్రం ఎండకు వెలిసి, ముడుచుకుపోయి ఉంటాయి. కొత్తవి కత్తిరించి అంటించడం తప్పదు.

అద్దాన్ని సరైన కోణంలో నిలిపి, లోపలి దీపం వెలిగించి, స్విచ్చు వేస్తే, పిక్చర్ ట్యూబు వేడెక్కడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఆ తరువాత చంద్రుని ముందు అయిదు వరుసల జీవులు తేలుతూ కనిపిస్తాయి. నాలుగు మెట్లుగా దిగే బరువైన స్వరం వారి అడుగులకు తాళం వేస్తుంది. కంప్యూటర్‌లో ఇదే ఆట ఎన్నోసార్లు ఆడినవారు సైతం ఆ లోతును చూసి అద్దం వెనుక చేయి పెట్టి చూడాలనుకొంటారు. అమెరికాలోని లకోనియా పట్టణంలో ఫన్‌స్పాట్ అనే వినోదశాలలో నెలకొన్న ఆర్కేడ్ మ్యూజియం వంటి చోట్ల పాత యంత్రాలను తాళం వేసి చూపక, సందర్శకులచేత ఆడిస్తారు. ఆడనిస్తే భాగాలు అరుగుతాయి. ఆడనివ్వకపోతే అది ఆటయంత్రమే కాదు. ఈ చిక్కుకు పరిష్కారం ఇంతవరకు ఎవరూ కనుగొనలేదు. ఊడినదానిని ఊడినప్పుడే బిగించే మెకానిక్కును ఉంచుకోవడమే వారు చేయగలిగింది.

పని ముగించిన పునరుద్ధారకుడు ఏ నెలలో ఏ కెపాసిటర్ మార్చినది, ఏ చెక్క అతికినది, ఏ చిప్పు కొత్తది అన్న వివరాలను ఒక కాగితంపై రాస్తాడు. తీసివేసిన భాగాలను చిన్న సంచిలో కట్టి, ఆ కాగితంతోపాటు పెట్టె అడుగున ఉంచుతాడు. కొత్త కెపాసిటర్లు కూడా ఎప్పటికో ఒకప్పటికి ఎండిపోతాయి. అప్పుడు తలుపు తెరిచేవారి కోసం ఆ కాగితం. నాణేల తలుపు లోపలివైపు పాత యజమాని వేసుకొన్న పెన్సిలు లెక్కలను తుడవకుండానే వదిలి, తలుపు మూస్తాడు.